జవాబు తెలిసిన పిల్లవానికి సున్నయా?

సికిందరాబాదులోని బన్సీలాల్‌పేటలో ఒక మెట్ల బావి యున్నది. 17వ శతాబ్ది నాటిదని చెప్పుకొనెడి ఆ బావి అనేక సంవత్సరములు చెత్తతో పూడిపోయి, అచట బావి యున్నదన్న సంగతియే చాలమంది మరచిన పిమ్మట, పూడిక తీసి బాగుచేయబడి 2022 డిసెంబరు 5వ తేదీన మరల ప్రజల కన్నులబడినది. పూర్వము నాగన్నకుంట యని పిలువబడిన ఈ వాడను 1933లో, కీస్ దొర హైదరాబాదు రెసిడెంటుగా నున్న కాలమున, సేఠ్ బన్సీలాల్ ధనసాయముతో తీర్చిదిద్దిరి. ఆ దాత పేరే పేటకు నిలిచినది.

మెట్ల బావి కట్టినవారి యుక్తి చిన్నది కాదు. నీరు ఎంత దిగువకు పోయినను, బిందె చంకనబెట్టుకొని వచ్చిన ఇల్లాలు ఒక్కొక్క మెట్టే దిగి దానిని అందుకొనగలదు. మెట్లున్నవి గదా యని బావి లోతు తగ్గదు. నీటి రుచి మారదు. మెట్లు చేయునది ఒక్కటే: లోతునకు దారి చూపుట. ఈనాడు ఆంగ్లము నేర్చుకొనుచున్న పిల్లలకు మార్కులు వేయు విషయమున ఉపాధ్యాయులను, తలిదండ్రులను కలతపెట్టుచున్న ఒక ప్రశ్నకును, ఈ మెట్లకును దగ్గర చుట్టరికమున్నది.

ప్రశ్న యిది. పాఠము నేర్చుకొనుటకును, పరీక్ష వ్రాయుటకును భాషాసాయము పొందిన పిల్లవాడున్నాడు. అతనికి రెండు భాషల పుస్తకము ఇచ్చిరి. కఠినపదముల పట్టిక ఇచ్చిరి. కొంత అదనపు సమయమిచ్చిరి. ప్రశ్నను చదివి వినిపించిరి. అతనికిని, ఇట్టి సాయము అక్కరలేని పిల్లవానికిని ఒకే కొలతతో మార్కు వేయవచ్చునా? వేసినచో రెండవవానికి అన్యాయము కాదా? వేయనిచో మొదటివానికి అన్యాయము కాదా?

మూడు భాషల ముంగిట

సికిందరాబాదు 1806లో దండు ఊరుగా వెలసినది. దండు వెంబడి నానాభాషలవారు వచ్చి స్థిరపడిరి. ఇప్పటికిని ఇట్టి పేటలలో పిల్లవాడు ఇంట ఒక భాష, వీధిలో వేరొక భాష, బడిలో మూడవ భాష వినుచు పెరుగుట వింత కాదు. తెలుగింటి పిల్లయు, ఉర్దూ మాటలాడు ఇంటి పిల్లవాడును, బ్రదుకుదెరువునకై బీహారునుండియో ఒడిస్సానుండియో వచ్చిన కూలివాని బిడ్డయు ఒకే బల్లపై కూర్చొందురు.

తెలంగాణ ప్రభుత్వము 2022-23 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలో 1 మొదలు 8 వరకు తరగతులలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టినది. పిల్లలు ఒక్కసారిగ దిక్కుతోచక యుండకుండుటకై, ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లము ఉండునట్లు పాఠ్యపుస్తకములను ముద్రించిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ఆంగ్లమాధ్యమమును గూర్చి ప్రభుత్వము జారీచేసిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టివేసినది. అయినను రెండు భాషల పుస్తకములు అచటను వచ్చినవి.

ఆంగ్లమాధ్యమము మేలా, మాతృభాషామాధ్యమము మేలా యను వాదములోనికి ఇక్కడ పోబోము. సాధ్యమైనంతవరకు బోధన పిల్లవాని మాతృభాషలో జరుగవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టపు 29వ విభాగము చెప్పుచున్నది. పలువురు తలిదండ్రులు ఆంగ్లమే కావలెనని కోరుచున్నారు. ఉభయపక్షములకును బలమైన కారణములు గలవు. కాని పెద్దల వాదము తేలువరకు పిల్లవాని పరీక్ష ఆగదు. సోమవారమున అతడు ప్రశ్నపత్రము ఎదుట కూర్చొనవలసినదే. వాదములో ఏ పక్షము గెలిచినను, నష్టపోరానివాడు అతడు.

ఇది మనకు క్రొత్త కాదు

పరాయి భాషలో పరీక్ష యనునది మన ప్రాంతమునకు నిన్న మొన్న వచ్చిన బాధ కాదు. 1918లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనాభాషగ నుండెను. ఆంగ్లము తప్పనిసరిగ నేర్వవలసిన భాషగ నుండెను. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పవచ్చునని లోకమునకు చూపిన గొప్ప ప్రయత్నమది. కాని తెలుగు ఇంటినుండి వచ్చిన విద్యార్థికి ఆ ఉర్దూయు నేర్చుకొనవలసిన భాషయే. ఒకనికి ఇంటి గడపయైనది మరియొకనికి ఎక్కవలసిన గోడ యయ్యెను.

తెలుగులోనే తెలుగువానికి ఇట్టి చిక్కు వచ్చిన కాలమును గలదు. విద్యార్థి వ్యాసరచన గ్రాంథికమున వ్రాయవలెనా, శిష్టుల వ్యవహారములోనున్న భాషలో వ్రాయవచ్చునా యని మద్రాసు విశ్వవిద్యాలయమున వివాదము రేగినపుడు, గురజాడ అప్పారావుగారు 1914లో తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు ఆ పోరాటమునకే ధారపోసిరి. భాషాచరిత్రలో ఆ ఘట్టమును మనము సాహిత్యవివాదముగ చదువుదుము. కాని దాని మూలమున నున్నది బడిపిల్లవాని జవాబుపత్రము. విషయము తెలిసినవాడు, తాను మాటలాడని భాషారూపములో వ్రాయలేకపోయినందుకు తెలియనివానిక్రింద జమకట్టబడవచ్చునా? నాటి ప్రశ్న గ్రాంథికమును గూర్చి. నేటి ప్రశ్న ఆంగ్లమును గూర్చి. ప్రశ్న స్వరూపము మాత్రము మారలేదు.

మార్కు చెప్పు సాక్ష్యము

మార్కు బహుమానము కాదు, శిక్షయు కాదు. అది సాక్ష్యము. “ఈ పిల్లవానికి ఇది ఇంతవరకు తెలియును” అని ఉపాధ్యాయుడు చేయు వాఙ్మూలము. కావున మార్కు విషయమున మొట్టమొదట అడుగవలసినది, ఎంత వేసితిమి యని కాదు. దేనికి వేసితిమి యని.

ఒక ఉదాహరణము తీసికొందము. మొక్కలు ఆహారమును ఎట్లు తయారుచేసికొనును అని సామాన్యశాస్త్రమున ప్రశ్న. ఒక బాలిక ఇట్లు వ్రాసినదనుకొనుడు: “ప్లాంట్ సన్‌లైట్ టేక్. రూట్ వాటర్ గివ్. లీఫ్ ఫుడ్ మేక్.” ఆంగ్లవ్యాకరణపు కంటితో చూచినచో మూడు వాక్యములును తప్పులే. శాస్త్రపు కంటితో చూచినచో, సూర్యరశ్మి, వేళ్లనుండి వచ్చు నీరు, ఆకులో జరుగు పని యని మూడు అంశములు సరిగనే యున్నవి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, పత్రహరితమును ఆమె చెప్పలేదు. ఈ జవాబునకు మార్కు తగ్గింపవలసినచో ఆ విడిచిన రెండు అంశములకు తగ్గింపవలెను గాని, క్రియాపదము చివర వచ్చినందుకు కాదు.

ఆ క్రియాపదము చివరకు ఎందుకు వచ్చినదో కూడ గ్రహింపదగినదే. తెలుగు వాక్యము క్రియతో ముగియును. ఆంగ్లవాక్యము క్రియను నడుమ నిలుపును. మన విభక్తులు నామమునకు వెనుక చేరును. వారి విభక్తిమాటలు ముందు వచ్చును. ఆంగ్లమున నామమునకు ముందు వచ్చు ‘ఎ’, ‘ది’ యను చిన్నమాటలకు తెలుగున సరియైన జోడు లేదు. కావున ఆ బాలిక చేసినది అజాగ్రత్త కాదు. తన భాష అచ్చులో క్రొత్తభాష పోతపోయుట. భాష నేర్చుకొను ప్రతి మానవుడును నడచు దారియే యది. ఆంగ్లపు పిరియడులో ఆ తప్పులను దిద్దవలెను. అచట మార్కు తగ్గించుటయు న్యాయమే. శాస్త్రపు పిరియడులో దిద్దవచ్చును గాని, దానిని శాస్త్రపు అజ్ఞానముగ లెక్కించుట తప్పుడు సాక్ష్యమగును.

గణితమునకు భాషతో పనియేమి యని కొందరందురు. కాని ఒక తొట్టి నాలుగింట మూడు వంతులు నిండియున్నదనియు, దానినుండి ఇన్ని లీటర్లు తీసినపిదప సగమే మిగిలినదనియు, తొట్టి మొత్తమునకు ఎన్ని లీటర్లు పట్టుననియు నాలుగు పంక్తులలో అడిగినచో, భిన్నములు తెలిసిన పిల్లవాడును ‘మిగిలిన’ యను అర్థమిచ్చు ఒక్క ఆంగ్లపదము తెలియక ఆగిపోవును. అమెరికాలో జమాల్ అబేదీ, కరోల్ లార్డ్ అను పరిశోధకులు 2001లో ప్రకటించిన పరిశీలనలో, లెక్కను మార్చక దాని మాటలను మాత్రము సులభము చేసినపుడు పిల్లల మార్కులు కొలదిగ పెరిగినవని తేలినది. అనగా అంతకు పూర్వము లెక్కల మార్కుగ కనబడిన దానిలో కొంతభాగము లెక్కలది కాదు.

ఇంకొక విషయము. వీధిలో నాలుగు ఇంగ్లీషు మాటలు గలగల మాటలాడు పిల్లవానిని చూచి, వీనికి భాష వచ్చినదని పెద్దలు మోసపోవుట సహజము. కెనడా దేశపు విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ఈ రెండింటిని వేరుచేసి చూపెను. దినదిన సంభాషణకు కావలసిన భాష యొకటి. పాఠ్యపుస్తకమునకు, పరీక్షకు కావలసిన భాష యొకటి. మొదటిది సుమారు రెండేండ్లలో పట్టుబడును. రెండవదానికి అయిదు మొదలు ఏడేండ్లు పట్టునని ఆయన పరిశీలన. మూడవ తరగతిలో మాధ్యమము మారిన పిల్లవానికి ఈ లెక్కన ఉన్నతపాఠశాల తలుపు తట్టువరకును సాయము కావలసియుండును. ఒక్క సంవత్సరము గడచినదిగదా, ఇక చాలునని మెట్లు తీసివేయుటకు వీలులేదు.

సాయము వేరు, సడలింపు వేరు

ఇక అసలు చిక్కునకు వత్తము. పిల్లవానికి చేయు ఉపకారములు రెండు విధములు. మొదటిది సాయము: చేరవలసిన చోటు మారదు, చేరు దారి సుగమమగును. రెండవది సడలింపు: చేరవలసిన చోటునే దగ్గరకు తెత్తురు. రెండును అవసరమే కావచ్చును. కాని ఒకదానిని మరియొకదానిగ భ్రమించినచో న్యాయము చెడును.

సడలింపునకు మన పదవ తరగతి పరీక్షలలోనే దృష్టాంతమున్నది. ఇతర విషయములలో ఉత్తీర్ణతకు 35 మార్కులు కావలసియుండగా, ద్వితీయభాషయైన హిందీకి 20 మార్కులు చాలుననుట చిరకాలపు ఏర్పాటు. తెలుగు మాతృభాష కాని పిల్లల కొరకు తెలంగాణలో ‘వెన్నెల’ యను సులభవాచకము ఏర్పడినది. 2018 నాటి చట్టము ప్రకారము రాష్ట్రమునందలి అన్ని పాఠశాలలలోను తెలుగు నేర్పవలసియుండుటచే, కేంద్రీయ సిలబసు బడులలోని 9, 10 తరగతుల పిల్లలకు ఆ వాచకమునే వాడవలెనని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వము ఉత్తరువిచ్చినది. వీనిని ఎవరును మోసమనరు. ఏలయనగా, కొలత మార్చినట్లు అందరికిని తెలిసియే యున్నది. మన భాష నేర్చుకొను పరభాషా బాలునియెడ ఇంత ఉదారముగ నున్న మనము, పరభాష నేర్చుకొను మన బాలునియెడ ఏల కఠినులము కావలెను?

సాయమునకు మార్గదర్శకము వేరొకచోట దొరకును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 17వ విభాగమున, పరీక్షలో అదనపు సమయము, వ్రాయసకాని ఏర్పాటు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు మున్నగునవి పేర్కొనబడినవి. వ్రాయునపుడు చేయి పట్టు వ్యాధిగల ఒక అభ్యర్థి వ్యాజ్యమున, అతనికి వ్రాయసకానిని నిరాకరింపరాదని 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పులోని మర్మమేమి? పరీక్ష కొలువవలసినది అభ్యర్థి జ్ఞానమును. అతని వ్రేళ్ల బలమును కాదు.

భాష నేర్చుకొను పిల్లవాడు వికలాంగుడు కాడు. అతని కొరకు ఇంత స్పష్టమైన చట్టములేదు. కాని తర్కము ఒక్కటే. కావున ఉపాధ్యాయుడు ఏ సాయమునైనను రెండు గీటురాళ్లపై పెట్టి చూడవచ్చును.

మొదటి గీటురాయి: ఈ సాయము, నేను కొలువదలచిన వస్తువును తాకుచున్నదా? శాస్త్రపరీక్షలో ప్రశ్నను చదివి వినిపించినచో శాస్త్రము తాకబడదు. కాని ఆంగ్లమున చదివి గ్రహించుశక్తిని కొలుచు పరీక్షలో ఆ భాగమును చదివి వినిపించినచో, కొలువవలసినదే మాయమగును. వాక్యరచనను కొలుచునపుడు పదముల పట్టిక ఇయ్యవచ్చును. పదజ్ఞానమునే కొలుచునపుడు ఇయ్యరాదు. ఒకే సాయము ఒకచోట న్యాయము, ఒకచోట అన్యాయము.

రెండవ గీటురాయి: ఈ సాయము అక్కరలేనివానికి కూడ లాభము చేకూర్చునా? కంటిజోడు కన్ను బాగున్నవానికి ఏమియు మేలు చేయదు. కావున దానిని పెట్టుకొని పరీక్ష వ్రాసినవానిపై ఎవరును అసూయపడరు. పదముల పట్టికయు అట్టిదే. మాట తెలిసినవానికి అది వట్టి కాగితము. అదనపు సమయము అట్టిది కాదు. అది ఎల్లరకును ఉపయోగించును. అట్లయినచో పరిష్కారము సులభము: వేగమును కొలువని పరీక్షలో ఆ సమయమును అందరికిని ఇయ్యుడు. తగవు తీరిపోవును.

ఈ రెండు పరీక్షలకు నిలిచిన సాయముతో వ్రాసిన జవాబునకు పూర్తి మార్కు వేయుటలో సంకోచమక్కరలేదు. అందులో దయ లేదు, దానము లేదు. తూకము మాత్రమే యున్నది.

సముద్రమున కావల, సరిహద్దున కీవల

1974 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ‘లా వర్సెస్ నికోల్స్’ వ్యాజ్యమున ప్రసిద్ధమైన తీర్పు చెప్పినది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంగ్లము రాని చీనా బాలబాలికలు దాదాపు 1,800 మందికి ఎట్టి భాషాసాయమును లేకుండెను. అందరికిని ఒకే పుస్తకములు, ఒకే గురువులు, ఒకే పాఠక్రమము ఇచ్చినంత మాత్రమున సమానత్వము కలుగదని న్యాయస్థానము నిర్ణయించినది. ఈనాడు డాలసుకో, న్యూజెర్సీకో తరలిపోయిన తెలుగు కుటుంబము బిడ్డను బడిలో చేర్చునపుడు, ఇంటిలో ఏ భాష మాటలాడుదురని అచటివారు అడుగుదురు. అవసరమైనచో ఆ బిడ్డకు ఆంగ్లపు ప్రత్యేకబోధన, పరీక్షలలో తగిన వెసులుబాటు లభించును. మనవారి బిడ్డకు పరదేశములో దొరకు మెట్టు, మనవారి బిడ్డకే బన్సీలాల్‌పేటలో దొరకకపోవుట విచిత్రము.

సాయము సరిగ చేయనిచో ఏమగునో 2018లో మన పొరుగున కనబడినది. వైద్యవిద్యాప్రవేశమునకైన నీట్ పరీక్ష తమిళ ప్రతిలో 49 ప్రశ్నల అనువాదము తప్పులతో నున్నదని మద్రాసు హైకోర్టు మదురై శాఖ నిర్ణయించి, తమిళమున వ్రాసినవారికి ప్రశ్నకు 4 మార్కుల చొప్పున 196 మార్కులు కలుపుమని జూలై 10న ఆజ్ఞాపించినది. మొత్తము 720 మార్కుల పరీక్షలో 196! తప్పుడు అనువాదమునకు బలియైనవారు ఒకవైపు, ఆ మార్కులు రాని ఇతర అభ్యర్థులు ఒకవైపు నిలిచిరి. సుప్రీంకోర్టు ముందు ఆ ఆజ్ఞను నిలిపి, నవంబరులో రద్దుచేసినది. అనువాదమున సందేహము వచ్చినచో ఆంగ్లప్రతియే ప్రమాణమను నిబంధన ఆ పరీక్షయందున్నది. తమిళమున చదువుకొనుటకు తమిళప్రతిని కోరినవానిని, ఆంగ్లప్రతిని చూచుకొనవలసినదనుట ఎట్టి సాయము?

ఈ కథలో మనకు నీతి యేమనగా, న్యాయము పరీక్షకు ముందు చేయవలసినది. పరీక్ష ముగిసిన పిమ్మట మార్కులు గుమ్మరించుటచే కాదు. చెడిన దారిని బాగుచేయక, పడినవానికి పరిహారమిచ్చినచో, పడనివాడు కోపగించును. పడినవాని గాయమును మానదు. తరగతిలో “పాపము, భాష రానివాడు” అని జాలితో వేయు అయిదు మార్కులకును ఇదే దోషము. అవి పిల్లవానికి తెలిసినదానిని చెప్పవు. గురువు మనస్సు మెత్తదనమును మాత్రము చెప్పును. పై తరగతి ఉపాధ్యాయుడు ఆ మార్కును నమ్మి ముందుకు సాగును. పిల్లవాడు వెనుకనే యుండిపోవును.

తరగతి గదిలో చేయదగినది

నలుబది, ఏబదిమంది పిల్లలు గల గదిలో ఇన్ని సూక్ష్మములు పాటించుట సాధ్యమా యని ఉపాధ్యాయులు అడుగుదురు. అడుగుట న్యాయమే. కాని చేయదగిన పనులు కొన్ని ఖర్చులేనివి, కష్టములేనివి గలవు.

జవాబునకు మార్కులు వేయునపుడు ఒక గడికి బదులు రెండు గడులు గీయుట మొదటిది. ఒకటి విషయమునకు, ఒకటి భాషకు. శాస్త్రము, గణితము, సాంఘికశాస్త్రములలో మొత్తమునకు చేరునది మొదటి గడి మాత్రమే. రెండవ గడి ఆంగ్లోపాధ్యాయునికిని, పిల్లవానికిని సమాచారము. ఇట్లు చేసినచో భాషాదోషము మరుగుపడదు, విషయజ్ఞానము మునిగిపోదు.

రెండవది, సంవత్సరము పొడుగున జరుగు చిన్నపరీక్షలలో నోటిజవాబునకును, బొమ్మగీసి చూపుటకును, అవసరమైనచో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పుటకును చోటిచ్చుట. అవగాహనను, దానిని అన్వయించు శక్తిని నిరంతరముగ, సమగ్రముగ మూల్యాంకనము చేయవలెనని విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. అవగాహన యనగా ఆంగ్లమున అవగాహన యని అందు లేదు.

మూడవది, ఏ పిల్లవానికి ఏ సాయము ఇచ్చితిమో తన రిజిస్టరులో వ్రాసికొనుట. రెండు మూడు నెలలకొకసారి ఒక సాయమును తీసివేసి చూడవలెను. నిలువగలిగినచో సంతోషము, నిలువలేకపోయినచో మరల ఇయ్యవలెను. మెట్టు దిగుట నేర్చినవానికి చేయి విడువవచ్చును. నేర్వకముందే విడిచినచో పడును.

నాలుగవది, జూనులో వచ్చిన సున్నను మార్చివరకు మోయింపకుండుట. భాష తెలియని తొలినాళ్ల మార్కులను, తెలిసిన తరువాతి మార్కులను కలిపి సగటు కట్టినచో, వేగముగ నేర్చినవాడే ఎక్కువ నష్టపోవును. సంవత్సరాంతమున పిల్లవానికి ఏమి తెలియునో అదియే ఆ సంవత్సరపు సత్యము.

అయిదవది మిక్కిలి జాగ్రత్త వహింపవలసినది. చదువులో తడబడు ప్రతివాని తడబాటును ఆంగ్లముపై నెట్టరాదు. తన యింటి భాషలోను అక్షరములు తారుమారు చేయుచు, చిన్నకథను గూడ చదువలేకపోవుచున్నచో, ఆ బిడ్డకు చదువునకు సంబంధించిన వేరొక లోపముండవచ్చును, నిపుణులకు చూపవలెను. అట్లే, ఇంటిభాషలో చురుకుగ నుండి ఆంగ్లమున మాత్రమే మూగబోవు బిడ్డను మందమతియని వ్రాయరాదు. మొదటి తప్పు వలన చికిత్స అందదు. రెండవ తప్పు వలన కళంకము అంటును.

ఈ విషయమున ఉపాధ్యాయులకు శిక్షణ కావలెను. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీషు అను పేర హైదరాబాదున ఆరంభమై, 2007లో కేంద్రవిశ్వవిద్యాలయమైన ఆంగ్ల, విదేశీభాషల సంస్థ సికిందరాబాదునకు కూతవేటు దూరమున తార్నాకలో నున్నది. అంతటి విద్వత్తు చెంతనుండగా, పేటబడిలోని గురువు ఒంటరిగ తికమకపడనక్కరలేదు.

రెండు ఆక్షేపణలు

రేపు ఉద్యోగమున ఎవరు పదముల పట్టిక ఇత్తురని కొందరు ఆక్షేపింతురు. రేపటి మాట నిజమే. కాని నేడు శాస్త్రములో సున్న తెచ్చుకొన్న పిల్లవాడు రేపటివరకు బడిలో నిలుచునా? తనకు శాస్త్రము రాదని వానికి నమ్మకము కలిగినపిదప భాష వచ్చియు ప్రయోజనమేమి? భాష ఆలస్యముగ వచ్చినను వచ్చును. ఆత్మవిశ్వాసము ఒకమారు పోయినచో అంత సులభముగ రాదు.

సాయముతో వచ్చిన మార్కు ప్రక్కన ఒక గుర్తు పెట్టవలదా యని మరికొందరందురు. అమెరికాలో కళాశాలాప్రవేశపు ఎస్.ఏ.టి. పరీక్షలో దివ్యాంగులు అదనపు సమయముతో వ్రాసిన మార్కులకు పూర్వము ఒక గుర్తు పెట్టుచుండిరి. 2003లో ఆ పద్ధతిని మానివేసిరి. న్యాయమైన సాయముతో వచ్చిన మార్కు సంపూర్ణమైన మార్కే. దానికి గుర్తు అక్కరలేదు. కొలతనే సడలించినచో, అపుడు దాచుట తగదు. ఏ పాఠమునకు, ఏ స్థాయికి ఆ మార్కు వచ్చినదో తలిదండ్రులకు చెప్పవలెను. సాయమును గురువు రిజిస్టరులో నుంచుట, సడలింపును తలిదండ్రులకు తెలుపుట: ఈ నియమమును పాటించినచో మాట దక్కును, మర్యాదయు దక్కును.

ప్రోగ్రెస్ కార్డు చదువలేక, కొడుకుచేతనే చదివించుకొని సంతకమునకు బదులు వేలిముద్ర వేయు తండ్రులు ఇప్పటికిని మన పేటలలో నున్నారు. ఆ కాగితముపై ఎర్రసిరాతో వ్రాసిన అంకె తప్ప, బడిలో తన బిడ్డ ఏమగుచున్నాడో తెలిసికొనుటకు అట్టి తండ్రికి వేరు ఆధారము లేదు. ఆ అంకెను చూచియే ఆయన బిడ్డను చదివింపవలెనా, పనిలో పెట్టవలెనా యని నిశ్చయించుకొనును. కావున దానిని వ్రాయు చేయి, అది ఆంగ్లమును గూర్చి చెప్పుచున్నదో, బిడ్డ బుద్ధిని గూర్చి చెప్పుచున్నదో ముందుగ తేల్చుకొని వ్రాయవలెను.